పెద్ద నెగెటివ్‌కు ఆలస్యంగా అందిన జూమ్

1959లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరం నుంచి రెండు కొత్త సరుకులు బజారుకొచ్చాయి. ఒకటి ఫోక్ట్‌లెండర్ కంపెనీ పేరుతో వచ్చిన జూమార్ లెన్స్. కదలని బొమ్మలు తీసే 35 మి.మీ. ఎస్సెల్లార్ కెమెరా కోసం అమ్మకానికి పెట్టిన తొలి జూమ్ అదే. కెమెరా ఉన్నచోటే ఉంటుంది, లెన్స్ మాత్రం 36 మి.మీ. నుంచి 82 మి.మీ. దాకా మారుతుంది. రెండో సరుకు ఫ్రాంకె-హైడెకె కంపెనీ టెలీ రోలీఫ్లెక్స్. 120 రోల్ వేసే ఆ కెమెరాకు 135 మి.మీ. జైస్ సోనార్ లెన్స్‌ను ఊడదీయడానికి వీల్లేకుండా బిగించారు. మామూలు రోలీఫ్లెక్స్‌లో ఉండే 75 లేదా 80 మి.మీ. లెన్స్‌తో ముఖచిత్రాలు తీయడం కష్టమవుతోందన్నవాళ్ళకు ఆ కంపెనీ ఇచ్చిన జవాబు అది: ఇంకో కెమెరా కొనుక్కోండి. రెండేళ్ళ తర్వాత, వెడల్పుగా తీయాలన్నవాళ్ళ కోసం 55 మి.మీ. లెన్స్‌తో మూడో కెమెరా కూడా తెచ్చింది.

ఈ రెండు కంపెనీలూ బొత్తిగా పరాయివేం కావు. రోలీ సంస్థను 1920లో మొదలుపెట్టిన పౌల్ ఫ్రాంకె, రైన్‌హోల్డ్ హైడెకె ఇద్దరూ ఫోక్ట్‌లెండర్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళే. ఒకే ఊళ్ళో, ఒకే ఏడాదిలో, ఒక కంపెనీ అన్ని దూరాలకూ ఒకే లెన్స్ అంటుంటే, ఇంకొకటి ఒక్కో దూరానికి ఒక్కో కెమెరా అంటోంది. పైకి చూస్తే రెండోది పాతకాలపు మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి దాని వెనక గట్టి లెక్కే ఉంది. 120 రోల్ వాడే మీడియం ఫార్మాట్‌లోకి జూమ్ అడుగుపెట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అక్కడ అది పూర్తిగా కుదురుకునేసరికి ఫిల్మే మూటాముల్లె సర్దుకోవడం మొదలుపెట్టింది.

120 రోల్ వయసు జూమ్ కంటే చాలా ఎక్కువ. 1901లో కోడక్ తన నంబర్ 2 బ్రౌనీ డబ్బా కెమెరా కోసం చేసిన ఫిల్మ్ అది. వెడల్పు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు, వెనక నల్ల కాగితం చుట్ట. కెమెరాను బట్టి ఒక రోల్‌లో 6×6 సెం.మీ. అయితే పన్నెండు బొమ్మలు, 6×7 అయితే పది, 6×4.5 అయితే పదిహేనో పదహారో వస్తాయి. తెలుగు ఊళ్ళకు ఈ ఫిల్మ్ కొత్తదేం కాదు. అరవైలు, డెబ్బైల నాటి పెళ్ళి ఆల్బమ్ తిప్పి చూస్తే చాలా ఇళ్ళలో చదరపు బొమ్మలే కనిపిస్తాయి. స్టూడియో ఫొటోగ్రాఫర్ మెడలో యాషికానో రోలీకార్డో, పక్కన ఫ్లాష్. ఇంట్లో సరదాగా తీసుకునేవాళ్ళ చేతిలో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. తర్వాత ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో దేశీ ఫిల్మ్‌ను కూడా అందించింది. యాషికా మ్యాట్‌కు ఉన్నది ఒక్కటే 80 మి.మీ. లెన్స్. వియ్యాలవారి బలగమంతా ఫ్రేములోకి రావాలంటే ఫొటోగ్రాఫర్ వెనక్కి వెనక్కి నడిచి పందిరి గుంజకు ఆనుకోవాలి. పెళ్ళికూతురి ముఖం ఒక్కటే కావాలంటే ముందుకు రావాలి.

ముందుకు రావడానికి చోటు లేకపోతే ఇంకో ఉపాయం ఉండేది. మీడియం ఫార్మాట్ జూమ్‌ను అంతకాలం వాకిట్లోనే ఎందుకు నిలబెట్టిందో ఆ ఉపాయమే చెబుతుంది. 6×6 నెగెటివ్‌లో బొమ్మ పడే చోటు 56 మి.మీ. చదరం. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ తలను పైకి జరిపి నడిమి సగం మేరకే ప్రింటు వేశారనుకుందాం. అప్పుడు వాడుకున్నది 28 మి.మీ. చదరం, అంటే 784 చదరపు మిల్లీమీటర్లు. 35 మి.మీ. కెమెరా మొత్తం ఫ్రేము 864. అంటే రెండు రెట్లు దగ్గరికి లాగిన తర్వాత కూడా చిన్న ఫిల్మ్‌కు దాదాపు సమానమైన ముడిసరుకు చేతిలో మిగిలి ఉంటుంది. పెద్ద నెగెటివ్‌కు రెండు రెట్ల జూమ్ అప్పటికే ఉంది. అది ఉన్నది కెమెరాలో కాదు, చీకటి గదిలో ఎన్‌లార్జర్ పట్టాల మీద. 35 మి.మీ. వాడేవాళ్ళకు ఆ సుఖం లేదు. కత్తిరించిన ప్రతి మిల్లీమీటరూ ప్రింటులో గింజగింజలుగా తేలుతుంది. అందుకే జూమ్ కోసం ముందు ఆరాటపడింది వాళ్ళు.

వాళ్ళకంటే ముందు ఆరాటపడింది సినిమావాళ్ళు. ఫోకల్ లెంగ్త్ మారే లెన్స్‌కు అమెరికాలో క్లైల్ అలెన్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. సినిమా కెమెరాకు అది పనికొచ్చే సరుకుగా మారింది 1932లో: ఇంగ్లండ్‌లో టేలర్, టేలర్ అండ్ హాబ్సన్ చేసిన 40–120 మి.మీ. కుక్ వారో. ఆ తర్వాత వియన్నా నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడ్డ ఫ్రాంక్ బాక్ తన జూమార్‌ను 1946 ప్రాంతంలో ముందు 16 మి.మీ. సినిమా కెమెరాలకు, వెంటనే టీవీకి తెచ్చాడు. 1947లో బేస్‌బాల్ ప్రసారాల్లో బంతి వెంట కెమెరా దూసుకుపోవడం చూసి అమెరికా జనం నోరు తెరిచారు. పైన చెప్పిన ఫోక్ట్‌లెండర్ జూమార్ కూడా ఆయన డిజైనే. తయారైంది మ్యూనిక్‌లోని కిల్ఫిట్ కర్మాగారంలో. పద్నాలుగు గాజు బిళ్ళలు, ముప్పావు కిలోకు పైబడిన బరువు. అదీ 24×36 మి.మీ. ఫ్రేముకు.

అదే పనిని 6×6కు చేయాలంటే ఏమవుతుంది? 35 మి.మీ. ఫ్రేము కర్ణం 43 మి.మీ. 6×6ది 79. లెన్స్ వేసే వెలుగు వలయం కనీసం అంత ఉండాలి, లేకపోతే మూలలు నల్లబడతాయి. కొలతలన్నీ దాదాపు 1.8 రెట్లు పెరుగుతాయి. అయితే గాజుకు పొడవు, వెడల్పుతో పాటు మందం కూడా ఉంటుంది గనక బరువు ఆ అంకె ఘనం ప్రకారం, అంటే సుమారు ఆరు రెట్లు పెరుగుతుంది. 35 మి.మీ. వాళ్ళు బ్యాగులో పడేసుకుని తిరిగే 70–210 ఎఫ్/4 జూమ్‌ను యథాతథంగా పెంచితే దాదాపు 130–380 మి.మీ. లెన్స్ అవుతుంది. దాని ముందు గాజు పది సెంటీమీటర్ల వెడల్పుకు చేరుతుంది, బరువు నాలుగు కిలోలు దాటుతుంది. ఎవరు మోస్తారు? అందుకే డిజైనర్లు రెండు చోట్ల రాజీపడ్డారు. జూమ్ పరిధిని రెండు రెట్లకు కుదించారు. ఎపర్చర్‌ను ఎఫ్/4.5 దగ్గరో 5.6 దగ్గరో ఆపేశారు. మీడియం ఫార్మాట్ ఫిల్మ్ జూమ్‌ల జాబితా ఎక్కడ తెరిచి చూసినా ఈ రెండు గీతలు దాటినవి చాలా అరుదు.

ఎఫ్/5.6 అంటే వ్యూఫైండర్ కూడా మసకబారుతుంది. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి గ్రౌండ్ గ్లాస్‌లోకి చూసే కెమెరాలో 80 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ చూపించే వెలుగులో అది నాలుగో వంతు. ఫోకస్ కోసం మధ్యలో పెట్టే చీలిక ప్రిజంలో ఒక సగం నల్లబడిపోతుంది. సాయంత్రం రిసెప్షన్‌లో అలాంటి గాజు మీద పెళ్ళికొడుకు కన్ను వెతకడం కంటే పాత లెన్స్‌తో రెండడుగులు నడవడమే నయమని ఏ ఫొటోగ్రాఫరైనా అనుకుంటాడు.

షట్టర్ దగ్గర మరో పేచీ. 1957లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ 500సిలో షట్టర్ ఉండేది కెమెరా బాడీలో కాదు, ప్రతి లెన్స్ లోపల. 1/500 సెకను దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ పనిచేయడానికి కారణం అదే. స్టూడియోవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకోవడానికీ అదే కారణం. జూమ్ చేయాలంటే, ముందూ వెనకా కదిలే గాజు గుంపుల మధ్య ఎపర్చర్ పక్కనే ఆ కాంపూర్ షట్టర్‌ను ఇరికించాలి. ఖర్చూ బరువూ రెండూ పెరుగుతాయి. మరోవైపు చూస్తే, జూమ్ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది కూడా ఈ కెమెరాకే. 500సిలో లెన్స్ మార్చడానికి ఒక పద్ధతుంది: బాడీ చుట్టి ఉండాలి, లెన్స్ షట్టర్ కూడా బిగిసి ఉండాలి. ఒకటి బిగిసి ఇంకొకటి వదులైతే లెన్స్ ఎక్కదు, ఎక్కిందో దిగదు. అప్పుడు సన్నని స్క్రూడ్రైవర్‌తో లోపలి మీటను తిప్పి విడిపించుకోవాలి. తాళి కడుతున్న సమయంలో చేసే పని కాదది.

స్వీడన్‌లోని హాసెల్‌బ్లాడ్‌కు లెన్సులు చేసిపెట్టింది జైస్. కానీ ఆ పాత వరుస కెమెరాలకు జైస్ ఒక్క జూమ్ కూడా చేయలేదు. జూమ్ ఎక్కడుండాలన్నదానిపై అప్పటి ఆలోచనకు 1969 మంచి ఉదాహరణ. ఆ ఏడాది అపోలో నౌకల కమాండ్ మాడ్యూల్‌లో వెళ్ళిన వెస్టింగ్‌హౌస్ రంగుల టీవీ కెమెరాకు ఫ్రెంచి కంపెనీ ఆంజెన్యూ చేసిన ఆరు రెట్ల జూమ్ ఉంది. చంద్రుడి నేల మీద దిగిన హాసెల్‌బ్లాడ్‌కు ఉన్నది 60 మి.మీ. బయోగాన్, కదలనిది. కదిలే బొమ్మకు జూమ్, కదలని పెద్ద బొమ్మకు స్థిరమైన లెన్స్. ఆ పంపకాన్ని అప్పట్లో ఎవరూ ప్రశ్నించలేదు.

తర్వాత ప్రశ్నించింది జైస్‌కు పోటీదారైన మరో జర్మన్ కంపెనీ ష్నైడర్. రైన్‌లాండ్ ప్రాంతపు క్రాయిట్స్‌నాఖ్ ఊరి నుంచి 1970లలో 140–280 మి.మీ. ఎఫ్/5.6 వేరియోగాన్ వచ్చింది, హాసెల్‌బ్లాడ్‌కు ఒక రూపంలో, రోలీఫ్లెక్స్ ఎస్ఎల్66కు ఇంకో రూపంలో. 35 మి.మీ. లెక్కలో చెప్పాలంటే అది సుమారు 75–150. ముఖచిత్రానికి, వేదిక మీది నాట్యానికి సరిపోతుంది. బరువు మాత్రం రెండు కిలోలకు దగ్గర. కెమెరాకు లెన్స్ తగిలించడం కాదది, లెన్స్‌కు కెమెరా తగిలించడం. తర్వాత 75–150 ఎఫ్/4.5 కూడా వచ్చింది. 1980లలో హైన్రిష్ మాండర్‌మన్ అనే వ్యాపారి ష్నైడర్‌ను కొని, పాత తూర్పు జర్మనీ కెమెరా మూలంగా ఎగ్జాక్టా 66ను నడిపించి, రోలీని కూడా చేతిలోకి తీసుకున్నాక ఈ జూమ్‌లు ఆ కెమెరాల కేటలాగుల్లోకి ఎక్కాయి. రోలీఫ్లెక్స్ 6000 వరుసకు, ఎగ్జాక్టాకు ఒకే ఇంటి లెన్సులు ఎలా కుదిరాయంటే జవాబు ఇదే: యజమాని ఒక్కడు.

అయినా జర్మనీలో జూమ్ చుట్టంగానే మిగిలింది. దానికి సొంత గది దొరికింది జపాన్‌లో, అదీ చిన్న ఫ్రేములో. 1975లో మామియా ఎం645 వచ్చింది, 1984లో పెంటాక్స్ 645. రెండింటిలోనూ ఫ్రేము 6×4.5, కర్ణం 70 మి.మీ. లోపే. రెండింటిలోనూ షట్టర్ బాడీలోనే ఉంది. అంటే పైన చెప్పిన అడ్డంకుల్లో బరువు తగ్గింది, షట్టర్ పేచీ పోయింది. ఈ ఫార్మాట్‌లోనే జూమ్‌లు వరసకట్టడం యాదృచ్ఛికమేమీ కాదు. మామియాలో 55–110, 75–150, 105–210, మూడూ ఎఫ్/4.5 లెన్సులే. లెన్స్‌లోనే షట్టర్ పెట్టుకున్న బ్రోనికా కూడా తన ఈటీఆర్, ఎస్‌క్యూ కెమెరాలకు జూమ్‌లు అమ్మింది, ఎస్‌క్యూకు ష్నైడర్ వేరియోగాన్‌లనే తన బిగింపుతో తెచ్చుకుంది. పెంటాక్స్ మాత్రం ఈ విషయంలో అందరినీ మించిపోయింది. 1997లో ఆటోఫోకస్‌తో 645ఎన్ వచ్చిన తర్వాత దాని జాబితాలో 33–55, 45–85, 55–110, 80–160, 150–300 అంటూ జూమ్‌లు బారులు తీరాయి. 35 మి.మీ. భాషలో అది 20 నుంచి 185 దాకా, ఒక్క స్థిర లెన్స్ కూడా కొనకుండా. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ఏ మీడియం ఫార్మాట్ ఫొటోగ్రాఫరైనా ఆ జాబితాను చూస్తే అచ్చుతప్పు అనుకునేవాడు.

ఇంతకీ వీటిని కొన్నదెవరు? పెళ్ళివాళ్ళు కొంతవరకు. ఎక్కువగా కొన్నవాళ్ళలో కొండలూ కోనలూ తీసేవాళ్ళు ముఖ్యులు. 1990లో ఫ్యూజీ వెల్వియా స్లైడ్ ఫిల్మ్ వచ్చింది. ఐఎస్ఓ 50, ఆకుపచ్చ, ఎరుపు రంగులు పొంగిపొరలే ఫిల్మ్. స్లైడ్‌కు సాధారణంగా ఎన్‌లార్జర్ దశ ఉండదు. పత్రిక ఎడిటర్ లైట్ టేబుల్ మీద పెట్టి భూతద్దంతో చూసేది ఆ ముక్కనే. డార్క్‌రూమ్‌లో కత్తిరించుకునే పాత ఉపాయం ఇక్కడ చెల్లదు, ఫ్రేము అంచులు కెమెరాలోనే కుదరాలి. కొండ అంచున ట్రైపాడ్ వేసుకుని నిలబడ్డవాడు ఫ్రేము మూలలో అడ్డొస్తున్న కొమ్మను తప్పించాలంటే ముందుకు నడవలేడు, ముందున్నది లోయ. అక్కడ 55–110 లాంటి జూమ్‌కు వెలకట్టలేం. నెమ్మదైన ఎపర్చర్ పట్టింపు కూడా వాళ్ళకు లేదు. ఎలాగూ ఎఫ్/22కు మూసి సెకను, రెండు సెకన్లు ఎక్స్‌పోజర్ ఇస్తారు. 35 మి.మీ. వాళ్ళు జూమ్ కొనడానికి ప్రధాన కారణం త్వరగా పని కావడం. మీడియం ఫార్మాట్‌వాళ్ళు కొన్నది నింపాదిగా, మిల్లీమీటరు మిల్లీమీటరు ఫ్రేమును సర్దుకోవడానికి.

పెంటాక్స్ 67 కూడా ఆ దారి పట్టింది, 55–100 ఎఫ్/4.5, 90–180 ఎఫ్/5.6తో. 1969లో మొదలైన ఆ భారీ కెమెరా అద్దం పైకి లేచేటప్పుడు ట్రైపాడ్ అదిరేది. దాని ముందు కిలో దాటిన జూమ్ వేస్తే బరువు ముందుకు వాలుతుంది. అనుభవజ్ఞులు ముందే అద్దాన్ని పైకి లేపి, కాసేపాగి, కేబుల్‌తో షట్టర్ నొక్కుతారు. మామియా ఆర్‌జడ్67కు 100–200 ఎఫ్/5.2 ఉంది. ఆ కెమెరాలో ఫోకస్ కోసం బాడీ ముందుండే మడతల తిత్తి, అంటే బెలోస్ జరుగుతుంది. బెలోస్‌కూ జూమ్‌కూ సరిపడదన్నది అంకెల్లో తేటతెల్లం. పది మి.మీ. ముందుకు జరిపితే 100 మి.మీ. దగ్గర సుమారు ఒక మీటరు దూరానికి ఫోకస్ కుదురుతుంది. అదే జరుగుడుతో 200 మి.మీ. దగ్గర నాలుగు మీటర్లకు. బెలోస్‌ను అలాగే ఉంచి జూమ్ తిప్పితే బొమ్మ మసకబారుతుంది. ముందు జూమ్ ఖాయం చేసుకుని ఆ తర్వాతే ఫోకస్ పెట్టాలి. సినిమావాళ్ళకు అలవాటైన, షాట్ మధ్యలో జూమ్ లాగే విద్య ఇక్కడ చెల్లని నాణెం.

1998లో ఫ్యూజీ చేసిన పని వీటన్నింటికంటే విచిత్రం. జీఏ645జడ్ఐ అనే కెమెరాలో జూమ్ లెన్స్‌ను బాడీకే బిగించేసింది, జేబు కెమెరాల్లో లాగ. 55 నుంచి 90 మి.మీ., ఆటోఫోకస్, మోటారుతో ఫిల్మ్ చుట్టడం, లోపలే చిన్న ఫ్లాష్. ఎక్స్‌పోజర్ వివరాలను ఫ్రేము బయట ఫిల్మ్ అంచు మీద అచ్చు వేసేది కూడా. మామూలుగా పట్టుకుంటే నిలువు బొమ్మ వస్తుంది, అడ్డం బొమ్మ కావాలంటే కెమెరాను తిప్పాలి. పొడవు వైపు ఎఫ్/6.9 అంటే ఎండలో తప్ప కష్టం. అయినా 120 రోల్‌ను విహారయాత్రకు తీసుకెళ్ళాలనుకున్నవాళ్ళకు దాని సాటి మరొకటి రాలేదు. రాలేదంటే నిజంగానే రాలేదు, టైము మించిపోయింది.

జైస్ కూడా ఆఖరుకు మెత్తబడింది. 1999లో క్యోసెరా తెచ్చిన కాంటాక్స్ 645 కెమెరా వరుసలో 45–90 ఎఫ్/4.5 వేరియో సోనార్ ఉంది. దశాబ్దాలుగా హాసెల్‌బ్లాడ్ పాత వరుసకు చేయనిది ఇంకొకరికి చేసిపెట్టింది. హాసెల్‌బ్లాడ్ 2002లో హెచ్1తో కొత్త కుటుంబాన్ని మొదలుపెట్టి, 50–110 జూమ్‌ను ఫ్యూజీ చేత తయారు చేయించుకుంది. అప్పటికి అన్నీ సమకూరాయి: కంప్యూటర్ గణితం, కొత్త రకం గాజు, ఆటోఫోకస్, 6×4.5 ఫ్రేము. సమకూరనిది గిరాకీ ఒక్కటే. 2005లో క్యోసెరా కాంటాక్స్ వ్యాపారానికి తెరదించింది. బ్రోనికా ఆ చుట్టుపక్కలే ఆగిపోయింది. 2006లో మామియా కెమెరా విభాగం చేతులు మారింది.

ఫిల్మ్ మీద మళ్ళీ మోజు పుట్టిన ఈ రోజుల్లో సెకండ్ హ్యాండ్ బజారులో 80 మి.మీ. ఎఫ్/2.8 లెన్సుల చుట్టూ మూగేవాళ్ళు జూమ్‌ల వంక అంతగా చూడరు. వెనకంతా అలికేసినట్టు మసకబారి, ముఖం ఒక్కటే తేలే బొమ్మ కావాలి వాళ్ళకు, ఎఫ్/4.5 అంత సులువుగా అది ఇవ్వదు. కొనేవాళ్ళు మాత్రం చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లోపల గాజులు ఎక్కువ గనక బూజు పట్టే చోట్లూ ఎక్కువే, మన కోస్తా తేమలో మరీను. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు జూమ్ రింగు దానంతటది జారుతోందా అన్నది చూడాలి. జూమ్ ఒక చివర ఫోకస్ చేసి రెండో చివరకు తిప్పి, పదును నిలిచిందో లేదో పరీక్షించాలి. హుడ్ లేకుండా ఎదురెండలో తీయకపోవడం మంచిది.

2010లో పెంటాక్స్ 645డి డిజిటల్ కెమెరా వచ్చినప్పుడు ఈ పాత జూమ్‌లు అదే బిగింపుతో నేరుగా ఎక్కాయి. దాని సెన్సర్ 44×33 మి.మీ., ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది. అందువల్ల ఫిల్మ్ మీద 20 మి.మీ. అంత విశాలంగా చూపించిన 33–55, డిజిటల్‌లో 26 మి.మీ. అంతే చూపించింది. అంచులు ఫ్రేము బయటే ఉండిపోయాయి గనక, మూలల మెత్తదనం గురించి ఫిల్మ్ కాలంలో సణిగినవాళ్ళకు ఆ సణుగుడుకు చోటు లేకుండా పోయింది.